ఉప్పెన చూసిన తల్లి మాట

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కార్తీక మాసం వచ్చి తూర్పుగాలి కాస్త జోరుగా వీచిందంటే చాలు, కృష్ణాజిల్లా సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో పెద్ద వయసు ఆడవాళ్ళ తీరే మారిపోతుంది. అలాంటివారు మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో ఉండే ఉంటారు. రేషను కార్డు, పొలం పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టి, అటక మీదికి ఎక్కిస్తారు. బిందెలన్నిటి నిండా మంచినీళ్ళు పట్టి మూతలు పెడతారు. దొడ్లోకి వెళ్ళి దూడ పలుపు ఊడదీసి వస్తారు. పిల్లల్ని గడప దాటనివ్వరు. "ఏమిటత్తయ్యా ఈ చాదస్తం? అది ఒడిశా వైపు పోతోందని టీవీలో చెబుతున్నారుగా!" అని కోడలు నవ్వితే, ఆవిడ జవాబు చెప్పదు. చేసే పని మాత్రం మానదు.

ఆ చాదస్తం వెనక ఒక తేదీ ఉంది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. ఆనాడు పాతికేళ్ళ పడుచులుగా ఉండి బిడ్డల్ని చంకనేసుకుని ప్రాణాలు దక్కించుకున్నవారు ఇప్పుడు డెబ్బై దాటిన ముసలమ్మలు. వాళ్ళు చేసే ఆ చిన్న చిన్న పనుల్లో ఎంత తెలివి దాగి ఉందో, ఆ ఒక్క రాత్రి ఇన్నేళ్ళ తర్వాత కూడా మన ఇళ్ళల్లో ఎలా మిగిలి ఉందో ఈవేళ నాలుగు మాటల్లో మీతో చెప్పుకోవాలని ఉంది. మా అమ్మ కూడా ఆ తల్లుల్లో ఒకతె.

ముందు దివిసీమ గురించి తెలియనివారి కోసం రెండు ముక్కలు. కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, నది సముద్రంలో కలిసే హంసలదీవి, ఇవన్నీ అక్కడివే. బంగారం పండే మాగాణి. కాని సముద్ర మట్టానికి ఎంతో ఎత్తులో లేని నేల. మూడు వైపులా నీళ్ళు, అరచెయ్యి లాంటి చదును. ఎక్కి నిలబడడానికి ఒక గుట్ట గాని, తిప్ప గాని కనిపించదు.

ఆ శనివారం సాయంత్రం పెను తుఫాను బాపట్ల, చీరాల ప్రాంతంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు మించింది. దానితోపాటు సముద్రం సుమారు 5 మీటర్లు, అంటే పదహారడుగుల ఎత్తున పొంగి, పది పన్నెండు కిలోమీటర్ల దాకా ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులు లక్షల సంఖ్యలో పోయాయి. పనికోసం ఎక్కడెక్కడినుంచో వచ్చి పాకలు వేసుకున్న కూలీలు ఏ జాబితాలోనూ లేరు గనుక, వారు పోయిన లెక్క తేలనేలేదు.

ఇంతమంది గాలికి చనిపోలేదమ్మా. నీటికి చనిపోయారు. ఈ ముక్క బాగా గుర్తుంచుకోవాలి. ఎందుచేతనంటే, తుఫాను అనగానే మనం ఇంటి కప్పు గురించీ, చెట్లు పడడం గురించీ ఆలోచిస్తాం గాని నీటి గురించి ఆలోచించం.

ఉప్పెన ఎలా వస్తుందో చూద్దాం. తుఫాను మధ్యభాగంలో గాలి ఒత్తిడి బాగా పడిపోతుంది. ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. ఎంత పెద్ద తుఫానైనా ఈ లెక్కన లేచేది రెండడుగులకు అటూ ఇటూ. తక్కిన ఎత్తంతా గాలి చేసే పనే. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక పక్కనుంచి గట్టిగా ఊదండి. అవతలి అంచున నీళ్ళు పోగవుతాయి కదూ? గాలి కూడా అలాగే గంటల తరబడి సముద్రాన్ని ఒడ్డు వైపు నెట్టుకొస్తుంది. సముద్రం లోతుగా ఉంటే ఆ నీరు అడుగునుంచి వెనక్కి జారిపోతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర చాలా దూరం వరకూ లోతు తక్కువ. పైగా నిజాంపట్నం దగ్గర తీరం కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది. వెనక్కి పోవడానికి దారి లేని నీరు పైకి లేచి నేల మీద పడుతుంది.

ఇంకో సంగతి. మన దేశంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అంచేత తుఫాను తీరం దాటే చోటికి కుడివైపున గాలి సముద్రం మీదినుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున నేల మీదినుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఉప్పెన ముప్పు కుడివైపు వారికే ఎక్కువ. బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు దానికి కుడివైపున ఉన్నది దివిసీమే. "తుఫాను మన ఊరి మీదికి రావడం లేదుటలే, పక్క జిల్లాకి పోతోందిట" అని ఊరుకోకూడదనేది ఇందుకే.

మరి జనం ముందుగానే ఎందుకు వెళ్ళిపోలేదు అంటారేమో. సరిగ్గా వారం ముందు, నవంబరు 12న, తమిళనాడులో నాగపట్నం దగ్గర ఒక తుఫాను తీరం దాటింది. ఆ వెనకే రెండోది బయల్దేరిందన్న వార్త రేడియోలో వచ్చింది. మొదట అది దక్షిణాదికే పోయేలా కనిపించి, తర్వాత ఉత్తరానికి తిరిగింది. ఆనాటికి మన దేశానికి ఆకాశంలోంచి మబ్బుల బొమ్మలు తీసి పంపే సొంత ఉపగ్రహం లేదు. ఊళ్ళో రేడియో ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కరెంటు పోయాక బ్యాటరీలున్న ట్రాన్సిస్టరే దిక్కు. "మచిలీపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అని విన్నవారికి కూడా, పదో నంబరంటే ఇల్లు వదిలి పొమ్మని అర్థం అని ఎవరూ విడమరిచి చెప్పలేదు. వెళ్ళాలన్నా ఎక్కడికి వెళ్ళాలి? దీపావళి వెళ్ళి వారం దాటింది. వరి పొట్టవిప్పి, కోతకు సిద్ధమవుతోంది. పంటనూ, గొడ్డునూ వదిలి ఎవరు కదులుతారు?

మా అమ్మ ఈ సంగతులు ఒక్క కూర్పున ఎప్పుడూ చెప్పలేదు. పప్పు రుబ్బుతూ ఒక ముక్క, జడ వేస్తూ ఒక ముక్క. అవన్నీ పోగుచేసుకుని, వరసలో పెట్టుకున్నది నేనే. ఆవిడ మాటల్లోనే కొంత చెబుతాను.

మా ఊరు సముద్రానికి మూడు మైళ్ళు. మాది తాటాకు ఇల్లు, మట్టిగోడలు. ఊళ్ళో డాబాలు రెండే రెండు. ఒకటి బడి, ఒకటి ఒక మోతుబరి రైతు ఇల్లు. "శుక్రవారం రాత్రినించే ఈదురుగాలి. శనివారం పొద్దున పొయ్యి రాజుకోలేదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పిల్లలకి పెట్టాను. మధ్యాహ్నానికి ఇంటి కప్పు సగం లేచిపోయింది. మీ నాన్న గొడ్లని విప్పడానికి దొడ్లోకెళ్ళాడు. అప్పుడు దక్షిణం పక్కనించి ఒక హోరు వినబడింది. గాలి హోరు కాదది. రైలు వస్తున్నట్టుంది. మన ఊరికి రైలెక్కడిదీ?"

అప్పటికి మా అన్నయ్య ఎనిమిది నెలల వాడు. మా అక్కకు నాలుగేళ్ళు. చంటివాణ్ణి అమ్మ చీర కొంగుతో పొట్టకు కట్టుకుంది. అక్క చెయ్యి పట్టుకుంది. బడి డాబా వైపు నడిచారు. దారిలోనే నీళ్ళు అందుకున్నాయి. "మొదట కాలవ గట్టు తెగిందనుకున్నాను. ఒక గుక్క నోట్లోకి పోయింది. ఉప్పగా ఉంది. అప్పుడు తెలిసింది, సముద్రమొచ్చిందని."

బడి మెట్ల దగ్గర ఎవరో అమ్మ జబ్బ పట్టుకుని పైకి లాగారు. కట్టుకున్న బిడ్డ దక్కాడు. చెయ్యి పట్టుకున్న బిడ్డ దక్కలేదు.

ఇంతకు మించి మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. కాని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆవిడ నోట ఒక మాట వింటూనే ఉన్నాను: "నీళ్ళల్లో పిల్లల్ని చెయ్యి పట్టుకుంటే చాలదే, కట్టుకోవాలి." ఊళ్ళో ఏ బాలింత కనబడినా ఈ మాట చెబుతుంది. వినేవాళ్ళకు అది వట్టి జాగ్రత్తగానే వినబడుతుంది. ఆ మాటకు ఎంత ఖరీదు కట్టవలసి వచ్చిందో వాళ్ళకు తెలియదు.

ఆ మాటలో నిజం ఎంతుందో లెక్క వేసి చూడండి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తున్న తొట్టెలో పట్టే నీటి బరువు వెయ్యి కిలోలు. అటువంటి నీరు పరుగున వస్తుంటే మోకాలి లోతైనా పెద్ద మనిషిని పడదోస్తుంది. దానిమీద దూలాలు, తాటిబొందలు, ముళ్ళకంపలు కొట్టుకొస్తాయి. ఆ దెబ్బకు ఏ తల్లి పట్టయినా సడలుతుంది. పట్టు సడలడం ప్రేమ సడలడం కాదు. ఈ సంగతి ఆ తల్లులకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పి ఉండాల్సింది. చాలామందికి చెప్పలేదు. "నేనే వదిలేశాను" అనుకుంటూ బతుకంతా గడిపినవారు ఎందరో.

మా నాన్న ఒక తాటిచెట్టు మొదలు కావలించుకుని తెల్లవార్లూ ఉన్నాడు. తెల్లారేసరికి ఊరు లేదు. తాగడానికి నీళ్ళు లేవు. బావులన్నీ ఉప్పుమయం. రాలిపడిన కొబ్బరికాయలు కొట్టుకుని తాగారు. ఒంటిమీద గుడ్డలు చిరిగిపోయి, బయటకు రాలేక గోడ చాటున కూర్చున్న ఆడవాళ్ళు ఎందరో. సహాయం చేయడానికి వచ్చినవారు అన్నం పొట్లాలతోపాటు చీరలు తెచ్చిన రోజున ఆడవాళ్ళు ముందు చీర అందుకుని, తర్వాత అన్నం అందుకున్నారని అమ్మ చెబుతుంది.

సహాయం మాత్రం బాగా వచ్చింది. అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకటకృష్ణారావుగారు ఆ పనుల్లోనే మునిగిపోయారు. సినిమా నటులు ఎన్.టి.రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. సేవాసంస్థలు ఊళ్ళకు ఊళ్ళే కొత్తగా కట్టి ఇచ్చాయి. ఇళ్ళు లేచాయి. పొలాల్లో ఉప్పు విరగడానికి మంచినీళ్ళు పెట్టి కడిగి, మళ్ళీ పెట్టి కడిగారు. కొన్నేళ్ళకు పంటలూ దారికొచ్చాయి.

దారికి రానివి వేరే ఉన్నాయి. అవి ఏ లెక్కలోకీ ఎక్కవు.

శవం దొరికినవారికి దహనమో ఖననమో జరిగింది. దొరకనివారి ఇళ్ళల్లో "ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కి ఉంటుందేమో" అన్న ఆశ ఏళ్ళ తరబడి చావలేదు. వాకిట్లో కొత్త మనిషి గొంతు వినబడితే చాలు, పరుగెత్తుకొచ్చి చూసే తల్లులు ఉండేవారు. ఊరంతటికీ ఒకే తిథిన తద్దినాలు. ఆ రోజున మంత్రం చెప్పేవారు దొరకడమే కష్టమయ్యేది. చాలా ఇళ్ళల్లో నెలల తరబడి చేప వండలేదు. సముద్రం మా వాళ్ళను తిన్నది, సముద్రంలోది మేమెలా తింటాం అన్నారు. చేపలే జీవనాధారమైన బెస్తవారికి అది రెండో దెబ్బ.

భార్య పోయిన మగవాళ్ళకు పిల్లల్ని సాకడానికని ఏడాది తిరగకుండా మళ్ళీ పెళ్ళిళ్ళు చేశారు. తల్లి పోయిన దుఃఖం తీరకముందే పిల్లలు కొత్త అమ్మను అమ్మా అని పిలవాల్సి వచ్చింది. భర్తలు పోయిన ఆడవాళ్ళకు మాత్రం ఆ దారి అంత తొందరగా దొరకలేదు. పుట్టింటికి వెళ్ళినవారు కొందరు, కూలికి పోయినవారు కొందరు.

ఆ తర్వాత పుట్టిన పిల్లల సంగతి చూడండి. నేను 1979లో పుట్టాను. నాకు పెట్టింది మా అక్క పేరే. మా ఈడు పిల్లల్లో అలా పోయినవారి పేర్లు పెట్టుకున్నవారు ఇంటికొకరు కనిపిస్తారు. మమ్మల్ని పిలిచినప్పుడల్లా మా తల్లులు ఇద్దరిని పిలిచేవారు. అది మాకు బరువని ఎవరూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు. కాని వర్షం పడితే బడికి పంపకపోవడం, చెరువులో కాలు పెట్టనివ్వకపోవడం, ఈత నేర్చుకుంటానంటే కొట్టడం, ఇవన్నీ ఆ పేరుతోపాటే వచ్చాయి. ఉప్పెన చూడని పిల్లలకు కూడా ఉప్పెన భయం అంటుకుందన్నమాట.

పెద్ద ఆపదలు దాటిన మనుషుల్లో ఇలాంటి భయాలు ఉంటాయని మానసిక వైద్యులు చెబుతారు. ఆ తేదీ దగ్గరపడితే నిద్ర పట్టదు. ఆనాటి వాసనో, హోరో తగిలితే గుండె దడ పుడుతుంది. ఇది పిచ్చి కాదు. మందులతోనూ, మాట సాయంతోనూ తగ్గేదే. మీ ఇంట్లో పెద్దావిడ ఆ రోజుల్లో అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, కసురుకోకండి. అవసరమైతే వైద్యునికి చూపించండి. ముసలితనం అని కొట్టిపారేయకండి.

దానికంటే ముందు, ఆవిడను అడగండి. ఎలా అడగాలో కూడా చెబుతాను. "ఎంతమంది పోయారు? నీకు భయం వెయ్యలేదా?" అని అడిగితే ఆవిడ నోరు మూసుకుంటుంది. "ఆ పొద్దున ఏం వండావమ్మా? నీళ్ళు ఏ దిక్కునుంచి వచ్చాయి? ఎంత ఎత్తున వచ్చాయి? ఎక్కడ ఎక్కారు? ఊళ్ళో ఏ ఇల్లు నిలబడింది?" అని అడగండి. చెయ్యి చూపించి చెబుతుంది. అది మీ ఊరి గురించిన శాస్త్రం. చెప్పడం ఆపేసినప్పుడు మీరూ ఆపేయండి. ఇంకోనాడు మళ్ళీ మొదలుపెడుతుంది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఆ మాటలు దాంట్లో పట్టి ఉంచండి. లేదా పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆనాడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆవిడ చూపిస్తే, బడి గోడ మీదో గుడి ప్రహరీ మీదో ఒక గీత గీసి, తేదీ వేయించండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ళు ఒకసారి మరచిపోయారు గనుక. 1864 నవంబరు 1న ఇదే తీరాన బందరును ఇలాంటి ఉప్పెనే ముంచేసింది. సుమారు ముప్ఫైవేల మంది చనిపోయారు. అది జరిగిన 113 ఏళ్ళకు దివిసీమ ఉప్పెన వచ్చింది. మధ్యలో నాలుగు తరాలు గడిచాయి. బందరు ఉప్పెన గురించి పుస్తకాలలో ఉంది, పెద్దల మాటల్లో కథగా ఉంది. కాని "హోరు దక్షిణం నుంచి వినబడితే డాబా ఎక్కు" అని మనవరాలికి చెప్పే అవ్వ మిగల్లేదు. కథ మిగిలి, జాగ్రత్త పోయింది.

1977 తర్వాత మాత్రం ప్రభుత్వాలు కొంత నేర్చుకున్నాయి. తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు కట్టారు. సరుగుడు తోటలు పెంచారు. మచిలీపట్నంలో తుఫాను జాడ పట్టే రాడారు పెట్టారు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళాక, తుఫాను సముద్రంలో పుట్టిన నాటినుంచీ దాని బొమ్మలు మనకే వస్తున్నాయి. ఫలితం 1990లో కనిపించింది. ఆ ఏడాది మే 9న దివిసీమ ఉప్పెన నాటి తుఫానుకు తీసిపోని తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. అదీ తక్కువేమీ కాదు. కాని పదివేలతో పోల్చి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదే పడినా, మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల సంఖ్య దాటలేదు.

ఇప్పుడు వాతావరణశాఖ నాలుగు దశల్లో హెచ్చరిస్తుంది. మొదటిది మూడురోజుల ముందు ఇచ్చే తొలి కబురు. రెండోది కనీసం 48 గంటల ముందు, మూడోది కనీసం 24 గంటల ముందు. నాలుగోది తీరం దాటడానికి 12 గంటల ముందు, లోపలి జిల్లాలకు కూడా కలిపి. రెండో దశకు పసుపు రంగు, మూడోదానికి నారింజ రంగు, నాలుగోదానికి ఎరుపు. ఎరుపు వచ్చేదాకా ఆగవద్దు. పసుపు నాడు సంచి సర్దుకోవాలి, నారింజ నాడు కదలాలి.

ఇంత బాగుపడ్డాక ఇక భయమేమిటి అంటారా? బాగుపడడంలోనే కొత్త ముప్పు ఒకటి ఉంది. నాలుగుసార్లు ఖాళీ చేసి వెళ్ళి, ఏమీ కాక తిరిగొచ్చినవారు అయిదోసారి, "ఎప్పుడూ ఇంతేలే" అంటారు. ఉప్పెన చూసినవారు తగ్గిపోతున్న కొద్దీ ఆ మాట బలపడుతుంది. అప్పుడు ఇంట్లో ఆ పెద్దావిడ చాదస్తం ఒక్కటే అడ్డుపడి ఆపేది.

ఇందులో ఆడవాళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి విడిగా చెప్పుకోవాలి. ఖాళీ చేయమన్నప్పుడు చివరిదాకా ఇంట్లో ఉండిపోయేది మనమే. గేదెను ఎవరు చూస్తారని, ముసలి మామగారిని ఎలా మోసుకెళ్ళేదని, ఉన్న నాలుగు సామాన్లు దొంగలపాలవుతాయని. ఇంకో కారణం బయటకు చెప్పుకోం. నలుగురు మగవాళ్ళ మధ్య ఒకే హాల్లో పడుకోవాలి, మరుగుదొడ్డి ఉండదు, నెలసరి వస్తే దిక్కులేదు. ఈ సిగ్గు ప్రాణం మీదికి తెస్తుంది. అంచేత ఎండ కాసే రోజుల్లోనే మీ ఊరి రక్షణ భవనానికి ఒకసారి నడిచి వెళ్ళండి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఆడవాళ్ళకు వేరే గది ఉందా? మరుగుదొడ్లో నీళ్ళు వస్తున్నాయా? పశువులను ఎక్కడికి తోలాలి? మీ డ్వాక్రా సంఘంలో నలుగురూ కలిసి పంచాయతీలో అడగండి. 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు నివారణ పథకం కింద మన తీరంలో కొత్త భవనాలు, అక్కడికి వెళ్ళే రోడ్లు కట్టారు. కట్టినవి పాడుబడకుండా చూసుకోవడం మన వంతు.

ఇంట్లో చేయవలసినవి మా అమ్మ చేసేవే. కాగితాలు తడవని సంచిలో, చేతికందేలా. బ్యాటరీ రేడియో ఒకటి, టార్చిలైటు, ఫోనుకు నిండా చార్జింగు. మూడు రోజులకు తాగే నీళ్ళు, అటుకులో మరమరాలో. రోజూ వేసుకునే మందులు. పశువుల పలుపులు విప్పడం, ఎందుకంటే కట్టేసిన గొడ్డు ఈదలేదు. చీర కుచ్చిళ్ళు గోచీగా బిగించుకోవడం, జుట్టు ముడి వేసుకోవడం. ఉప్పెనలో ఎందరో ఆడవాళ్ళ చీరలు, జడలు ముళ్ళకంపలకు చిక్కుకున్నాయని ఆనాడు చూసినవారంతా చెబుతారు. చిన్నపిల్లల్ని ఒంటికి కట్టుకోవడం. గాలి హఠాత్తుగా ఆగిపోతే బయటికి రాకపోవడం, ఎందుకంటే అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపట్లో గాలి రెండోవైపు నుంచి అంతే బలంగా కొడుతుంది.

ఆడపిల్లలకు ఈత నేర్పించడం కూడా ఈ జాబితాలో చేర్చండి. ఉప్పెన చూసిన తల్లులు నీళ్ళంటే భయంతో పిల్లల్ని నీళ్ళకు దూరంగా పెంచారు. అది వాళ్ళ తప్పు కాదు. ఉప్పెన నీటిని ఈతతో గెలవలేమన్నదీ నిజమే. కాని కాలవలూ చెరువులూ ఉన్న ఊళ్ళల్లో పుట్టిన పిల్లకు ఈత రాకపోవడం మంచిది కాదు. వాళ్ళ జాగ్రత్త మనం తీసుకుందాం. వాళ్ళ భయాన్ని పిల్లలకు అంటనివ్వకుండా చూసుకుందాం.

ప్రతి నవంబరు 19న దివిసీమలో స్మారక స్తూపాల దగ్గర పూలు పెడతారు. మంచిదే. మరో కొద్ది ఏళ్ళలో ఆ ఉప్పెనను కళ్ళారా చూసినవారు మన మధ్య ఉండరు. అప్పుడు స్తూపాలు మిగులుతాయి, అంకెలు మిగులుతాయి. "ఉప్పగా ఉంటే సముద్రం, కట్టుకుంటేనే బిడ్డ" అని చెప్పే గొంతు ఉండదు. ఆ గొంతు ఉన్నప్పుడే అడగండి, వినండి, రాసిపెట్టండి. మీ ఇంట్లో పెద్దావిడ ఈ కార్తీకంలో కాగితాలు సర్దుతుంటే నవ్వకండి. పక్కన కూర్చుని సంచి మూతి పట్టుకోండి. ఆ మూడి ఎలా వెయ్యాలో మీ అమ్మాయిని కూడా పిలిచి చూపించండి.